అటక మీది కెమెరాలు

భోగికి వారం రోజులుందనగా మా ఇంట్లో అటక దులిపే కార్యక్రమం పెట్టుకున్నాం. ఏటా పెట్టుకునేదే. ఏటా ఆ రెండు పెట్టెలూ దించడం, పైన దుమ్ము తుడవడం, "వీటి సంగతి ఏదో ఒకటి తేల్చాలి" అనుకోవడం, మళ్ళీ పైకెక్కించడం. మా మామగారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళూ ఇదే తంతు.

ఈసారి మాత్రం అవి పైకెక్కలేదు. మా అమ్మాయి బి.టెక్ రెండో ఏడులోకి వచ్చింది, లాప్‌టాప్ లేకపోతే కుదరదంది. హైదరాబాదులో ఉండే మా మరిదికి ఫోన్లో ఈ మాట చెబితే, "నాన్న కెమెరాలు ఊరికే పడున్నాయిగా వదినా, అమ్మేయండి. ఇప్పుడు పాత కెమెరాలకి మళ్ళీ గిరాకీ వచ్చిందట" అన్నాడు. మావారు పక్కనే ఉన్నారు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే ఇష్టం లేదని అర్థం. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలిసింది లెండి.

మా మామగారికి తెనాలిలో ఫోటో స్టూడియో ఉండేది. 1971లో పెట్టి 2008లో మూసేశారు. నేను కాపురానికి వచ్చేసరికే నలుపు తెలుపు రోజులు పోయి అంతా కలరే. ఫిల్ములు కడగడానికి బెజవాడ లాబ్‌కి బస్సులో పంపించేవారు. కాబట్టి ఆ పెట్టెల్లో ఉన్న సగం సామాను నేను వాడగా చూడలేదు.

మొదటి పెట్టెలో రెండు కెమెరాలు. ఒకటి నికాన్ ఎఫ్‌ఎం2, 50 ఎంఎం లెన్సుతో సహా. 1994లో కొన్నది. రెండోది యాషికా మాట్ 124జి. 1978లో మద్రాసు వెళ్ళి తెచ్చుకున్నారట. పాతకాలం పెళ్ళిళ్ళలో మీరు చూసే ఉంటారు. ముందువైపు ఒకదాని కింద ఒకటి రెండు కళ్ళుంటాయి, ఫోటో తీసేవాడు తల వంచి పైనుంచి చూస్తుంటాడు. పై కంటితో మనం చూడాలి, కింది కంటితో ఫోటో పడుతుంది. బొమ్మ కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. ఒక రీలుకి పన్నెండే ఫోటోలు! ఇవి కాక ఒక ఫ్లాషూ, స్టాండూ, మెడ విరిగిన కొంగలాంటి ఎన్లార్జరూ. రెండో పెట్టె నిండా కాగితం కవర్లలో నెగెటివ్‌లు, అడుగున ఊటీలో తయారైన 'ఇందు' ఫిల్ము ఖాళీ డబ్బాలు కొన్ని. ఆ ఫ్యాక్టరీయే మూతపడింది, డబ్బాలు మాత్రం మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి.

అమ్మాలన్నా ఉంచాలన్నా ముందు అవి పనిచేస్తున్నాయో లేదో చూడాలిగా. మా మామగారి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఒకాయన (కుర్రాడంటే ఇప్పుడు ఆయనకీ యాభై దాటాయి) వచ్చి చూపించాడు. మీలో ఎవరింట్లోనైనా ఇలాంటివి ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

చిన్న రీలు కెమెరా అయితే వెనక తలుపు గబుక్కున తెరవకూడదు. పైన ఎడంవైపు రీలు చుట్టే పిడి ఉంటుంది, దాన్ని బాణం వైపు మెల్లగా తిప్పాలి. బిగుసుకుంటే లోపల రీలున్నట్టు, వదులుగా తిరిగితే లేనట్టు. లోపల రీలుండగా తెరిస్తే వెలుతురు తగిలి ఉన్న ఫోటోలు పోతాయి. మా దాంట్లో లేదు. తర్వాత బ్యాటరీలు తీసేయాలి. మావి రెండు బొత్తాం బ్యాటరీలు తెల్లగా పొంగి అంటుకుపోయాయి. ఇక కెమెరా పోయినట్టేనని నేను నిట్టూరిస్తే ఆయన నవ్వి, "ఎఫ్‌ఎం2కి బ్యాటరీ వెలుతురు కొలవడానికేనమ్మా, ఫోటో తీయడానికి అక్కర్లేదు" అని మీట లాగి నొక్కి చూపించాడు. టక్‌మని ఎంత ముచ్చటగా కొట్టుకుందో! యాషికాకి మాత్రం ఆ రోజుల్లో పాదరసం బ్యాటరీ వేసేవారట. అవి ఇప్పుడు తయారు కావడం లేదు. అయినా బ్యాటరీ లేకపోయినా ఫోటో తీస్తుంది, వెలుతురు మనమే అంచనా వేసుకోవాలి.

ఆఖరికి అసలు పరీక్ష. సెల్‌ఫోన్ టార్చి వెలిగించి లెన్సులోంచి చూడమన్నాడు. నికాన్ లెన్సు శుభ్రంగా ఉంది. యాషికా కింది కంట్లో సాలెగూడులాగా సన్నటి పోగులు! అదే ఫంగస్. మన తేమకి లెన్సులకి పట్టే చీడ అది. తోలు సంచీలో పెట్టి అటక ఎక్కిస్తే పట్టక ఏం చేస్తుంది? తోలు తేమని పట్టి ఉంచుతుందట. భద్రంగా ఉంటుందని మేం చేసిన పనే దానికి చేటు చేసింది. తోలు సంచీ తీసేసి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోవాలి, నెలకోసారైనా బయటికి తీసి గాలీ వెలుతురూ తగలనివ్వాలి. ఆవకాయ జాడీ మీద చూపించే శ్రద్ధలో సగం చూపించినా నిలిచేది.

ఇక ధర సంగతి. మా మరిది నికాన్ ఫోటో పట్టుకుని కోఠీ గుజరాతీ గల్లీలో ఒక కొట్టుకెళ్ళి అడిగాడు. ఏడు వేలన్నారు. యాషికాకి ఫంగస్ ఉందని వినగానే మూడు వేలు, అదీ మొహమాటానికి. నెట్‌లో చూస్తే అవే కెమెరాలకి పాతిక వేలు, ముప్పై వేలు అని రాసి పెట్టారు. నాకు ఆశ పుట్టింది. మా అమ్మాయి, "అది వాళ్ళు అడుగుతున్న ధరమ్మా, అమ్ముడైన ధర కాదు" అని నీళ్ళు చల్లింది. నిజమే, సంతలో చెప్పిన ధరకి వంకాయలు కొంటామా ఏమిటి? చివరికి ఫోటోగ్రఫీ చదువుకుంటున్న బెజవాడ అబ్బాయి ఒకడు నికాన్‌ని పదహారు వేలకి తీసుకుంటానన్నాడు. ఎన్లార్జర్ కూడా ఇస్తే మోసుకుపోతానన్నాడు. అమ్మబోతే దానికి ఇనుము ధరే వచ్చేలా ఉంది కాబట్టి సరేనన్నాం.

ఇంత జరిగినా మావారు ఔననలేదు, కాదనలేదు. గట్టిగా అడిగితే, "అమ్మ బాధపడుతుందేమో" అన్నారు. మరి అమ్మనడిగారా అంటే అడగలేదు! నేనూ అడగలేదు. మామగారి వస్తువులు, ఇద్దరు కొడుకులున్నారు, వాళ్ళు తేల్చుకుంటారులే అనుకున్నాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నా తప్పు కూడా ఉంది.

ఆ మర్నాడు పాత సామాన్ల అబ్బాయి వచ్చాడు. పాత పేపర్లు తూకం వేస్తూ, "ఎక్స్‌రేలు, నెగెటివ్‌లు ఏమన్నా ఉన్నాయామ్మా? నలుపు తెలుపువైతే మంచి రేటిస్తా" అన్నాడు. వాటిలో వెండి ఉంటుంది, అందుకని. కలర్ నెగెటివ్‌లు కడిగేటప్పుడే వెండి పోతుంది గనక వాటినెవరూ అడగరు. పోనీలే, ఎవరివో ఊళ్ళోవాళ్ళ మొహాలు, మనమేం చేసుకుంటామని రెండో పెట్టె వరండాలోకి ఈడ్చాను.

"ఏంటమ్మాయ్ అవి?" అంటూ మా అత్తగారు లోపల్నించి వచ్చారు. ఆవిడకి డెబ్బై అయిదు దాటాయి, మోకాళ్ళ నొప్పులు, గబగబా నడవలేరు. ఆ రోజు మాత్రం గబగబానే వచ్చారు.

"ఎవర్నడిగి బయటపెట్టావు?"

అంతమాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ఆ అబ్బాయిని పంపించేశాను. ఆవిడ అరుగు మీద కూర్చుని, ఒక కవరు తీసి, సగం పోస్టుకార్డంత నెగెటివ్‌ని వెలుతురుకి పట్టి, "ఈ పిల్ల మొహం చూడు" అన్నారు.

"నెగెటివ్‌లో ఏం తెలుస్తుందత్తయ్యా, దెయ్యంలా ఉంది."

"అలా కాదు, ఏటవాలుగా పట్టుకో."

పట్టుకున్నాను. చెంపల మీద, నుదుటి మీద చిన్న చిన్న గీతలు, చుక్కలు సీసంలా మెరిశాయి. పెన్సిలు గీతలు! లెక్కపెట్టలేనన్ని.

"అమ్మవారు పోసిన పిల్ల. మొహం నిండా గుంటలు. ఆ గుంటల నీడ నెగెటివ్‌లో తెల్లగా పడుతుంది. సన్నగా చెక్కిన పెన్సిలుతో అక్కడ పూడిస్తే కాగితం మీదికి వచ్చేసరికి చర్మం నున్నగా వస్తుంది. ఒక్కో మొహానికి ఒక పూట పట్టేది" అన్నారు.

మశూచి మన దేశంలో 1975తో పోయింది. కానీ మచ్చలు పోవుగా! ఆ ఆడపిల్లల పెళ్ళిచూపుల ఫోటోలు ఏళ్ళ తరబడి మా అత్తగారి చేతిమీదుగా వెళ్ళాయన్నమాట. తీరా ఇంటికొచ్చి పిల్లని చూస్తే తెలిసిపోదా అని అడిగాను. "తెలుస్తుంది. కానీ ఫోటో చూసే వద్దనకుండా ఇంటిదాకా వస్తే చాలనేవారు తల్లులు. వచ్చాక పిల్ల నడత, మాటతీరు చూస్తారుగా" అన్నారు. ఇది మంచో చెడో నాకు తెలియదు. ఆ తల్లుల్ని తలుచుకుంటే తప్పనడానికి మనసొప్పలేదు.

పెన్సిలు పనే కాదు. ఇప్పుడు మేం పచ్చళ్ళు పెట్టుకునే గదే అప్పట్లో డార్క్‌రూమ్. పగలు వంటా, పిల్లలూ. రాత్రి అందరూ పడుకున్నాక ఎర్ర బల్బు కింద నిలబడి ప్రింట్లు వేసేవారట. నూతిలో నీళ్ళు తోడి గంటసేపు కడగడం, మెరుపు రావడానికి గ్లేజింగ్ రేకుల మీద అతికించి ఆరబెట్టడం అన్నీ ఆవిడే. మెటాల్ మందు పడక వేళ్ళ సందులు పగిలి, చింతపండు పిసికితే మంటెత్తిపోయేవట. వాడేసిన హైపో నీళ్ళు కూడా వెండి కోసం కొనుక్కెళ్ళేవాళ్ళుంటే, ఆ డబ్బు మాత్రం తను దాచుకునేదాన్నని నవ్వారు. దాదాపు ఇరవై ఏళ్ళు. కలర్ లాబ్‌లు వచ్చాక ఆ పని ఆగిపోయింది.

"ఫోటో బాగా వచ్చిందని మెచ్చుకునేవాళ్ళకి మామయ్యగారు మీ పేరు చెప్పేవారా?" అన్నాను.

"చెప్తే పక్క స్టూడియోవాళ్ళు కూడా నాతోనే చేయించుకుంటారని చెప్పేవారు కాదు" అన్నారు. అది మెచ్చుకోలో ఫిర్యాదో ఆవిడ మొహం చూస్తే తెలియలేదు.

సాయంత్రం మావారికి చెబితే, "అమ్మ డార్క్‌రూమ్‌లో ఉండేదని తెలుసు. తలుపు తీస్తే తిట్టేది. నాన్నకి ఏదో సాయం చేస్తోందనుకునేవాళ్ళం" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

అప్పుడు ముగ్గురం కూర్చుని, మరిదిని ఫోన్లో పెట్టుకుని, ఆవిడనే అడిగాం. ఆవిడకి ఒక్క నిమిషం పట్టలేదు. "నికాన్ అమ్మేయండి. అది వచ్చేసరికి నా పని అయిపోయింది, దాంతో తీసినవాటికి నేను చెయ్యి పెట్టలేదు. ఆ ఎన్లార్జర్ కూడా ఇచ్చేయండి, నేర్చుకునే పిల్లాడైతే మంచిదే. నెగెటివ్‌లు మాత్రం ముట్టుకోవద్దు."

"మరి యాషికా?" అన్నారు మావారు.

"కెమెరా మీ నాన్న పట్టుకునేవారురా. నా చేతిలో పెన్సిలే. ఉంచుకుంటే నీ కోసం ఉంచుకో. అమ్మ కోసం అని నా మీద పెట్టకు."

పదహారు వేలు వచ్చాక మా మరిది, "లాప్‌టాప్‌కి వేసేయండి వదినా" అన్నాడు. నేనే వద్దని ఆ డబ్బు అత్తగారి చేతిలో పెట్టాను. వద్దంటారేమో, మనవరాలికే ఇమ్మంటారేమోనని లోపల ఎక్కడో ఉంది. ఆవిడ లెక్కపెట్టుకుని తీసుకున్నారు! రెండున్నర వేలు పెట్టి నెగెటివ్‌లకి ఇనప్పెట్టె తెప్పించమన్నారు. మిగతాది పోస్టాఫీసు పుస్తకంలో వేయించుకున్నారు. చెప్పొద్దూ, నాకు రెండ్రోజులు కష్టంగానే ఉంది. లాప్‌టాప్ వాయిదాల మీద తెచ్చాం, ఇంకా కడుతున్నాం.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఆవిడ నెగెటివ్‌లు వరస చేస్తున్నారు. కవర్ల మీద నంబర్లున్నాయి, పేర్ల పుస్తకం కూడా దొరికింది. మా అమ్మాయి సెలవులకొచ్చినప్పుడు ఒక ఫోన్లో తెల్లటి తెర వెలిగించి, నెగెటివ్‌ని దానికి తగలకుండా కొంచెం ఎత్తులో పట్టుకుని, ఇంకో ఫోన్‌తో ఫోటో తీసి, రంగులు తిరగేసి చూపించింది. క్షణంలో పిల్ల ప్రత్యక్షం, పట్టు పరికిణీ, రెండు జడలు, నున్నటి చెంపలు! "ఈ చెంప మీద ఇంకొంచెం పూడ్చి ఉండాల్సింది" అన్నారు మా అత్తగారు.

యాషికా ఇంకా అమ్మలేదు. ఫంగస్ తీయించడానికి ఎంతవుతుందో కనుక్కున్నాం. దానికి పట్టే రీలు ఒక్కటే దాదాపు వెయ్యి రూపాయలు, కడిగించడం వేరే. పన్నెండు ఫోటోలకి అంత పెడతామా అని నేను లెక్కలు చెబుతున్నాను. ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాల మధ్య అది బీరువా పై అరలో ఉంది. మావారు ఏమీ అనడం లేదు.