పగార్ యాప్ ఎందుకు ఆపాం?



"ఆ పగార్ యాప్ ఏమైంది? మూలకు పడేసిన్రా?" అని మొన్న ఒక పెద్దాయన అడిగారు. పడేయలేదు, ఆపాం. ఎందుకో దాచకుండా చెప్పడమే మంచిదనిపించింది.

మేం నలుగురం. రాత్రి భోజనాలయ్యాక సరదాగా మొదలుపెట్టిన పని ఇది. సాంచెల మీద చేసేవాళ్లకు పగార్ మీటర్ల లెక్కన కదా. మెహతాజీ పుస్తకంలో ఏం రాశాడో పగార్ రోజు దాకా తెలియదు. ఎవరి మీటర్లు వాళ్లు ఫోన్లో చూసుకుంటే బాగుంటుందనుకున్నాం. తెలుగు, హిందీ, మరాఠీ మూడూ పెట్టాం. తెలిసిన ఒక కార్ఖానాలో వాడటం మొదలైంది.

మొదటి పగార్‌కే దెబ్బ తిన్నాం. ఒక కాకకు మీటర్లు తగ్గాయి, ఆయన జోడీకి పెరిగాయి. తాగా దింపేటప్పుడు సాంచె మీద ఎవరుంటే మొత్తం వాళ్ల పేరున ఎక్కేలా రాశాం మేము. పగటి షిఫ్టులో కాక సగానికి పైగా నేసి వెళ్లారు. రాత్రి వచ్చినతను దింపాడు. షిఫ్టు మారేటప్పుడు బట్ట మీద గుర్తు పెట్టుకునే పద్ధతి అక్కడ ఏళ్లుగా ఉంది.

"తమ్మీ, నన్నొక్క మాట అడిగితే చెప్పేటోణ్ణి గదా" అన్నారు కాక. ఆయన ఇంటి కిరాయి చేబదులు తెచ్చి కట్టారని తర్వాత తెలిసింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. నలుగురికీ తెలిసేలోపే సరిచేద్దామని అదే రాత్రి అసలు లెక్కల మీదే చేయి పెట్టాం. కాపీ తీయలేదు. వారం లెక్క చెరిగిపోయింది. మెహతాజీ పుస్తకమే మమ్మల్ని కాపాడింది. దాన్ని చూసే కాకకు రావలసింది ఇప్పించగలిగాం.

తప్పుల నుంచి నేర్చుకోవాలని అందరూ అంటారు. తప్పు దానంతటదే ఏమీ నేర్పదు. దాంతో నష్టపోయిన మనిషి ముందు కూర్చుని, ఎక్కడ పొరపాటైందో అడిగితేనే నేర్పుతుంది.

మన చింతకింది మల్లేశం గారినే చూడండి. ఒక్క చీర ఆసు పోయడానికి చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించి తల్లి లక్ష్మి గారు పడే బాధ చూడలేక, ఆలేరు దగ్గర శారాజీపేటలో 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. అది పూర్తయింది 1999లో. 2017లో పద్మశ్రీ వచ్చింది. మనం పద్మశ్రీ గురించే చెప్పుకుంటాం. ఆ యంత్రం ఎవరికోసమో ఆ మనిషి ఆయన ఇంటి మనిషేనన్నది మర్చిపోతాం. ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ గురించి మొదట చెప్పినప్పుడు కూడా, ఇది సరదా పని అంటూనే, మీకేం కావాలో చెప్పండని అడిగాడు. మేం అడగలేదు. మా తప్పుకు మూలం అదే.

"పిల్లల ఆటలకు కార్మికుడి పగార్ పణమా?" అని కొందరు పెద్దలు అంటున్నారు. న్యాయమైన మాటే. అందుకే ఇకపై మా నియమాలు ఇవి: రోజూ కాపీ తీయాలి. రెండు పగార్ల దాకా పుస్తకం, యాప్ పక్కపక్కనే నడవాలి. తేడా వస్తే పుస్తకం మాటే చెల్లాలి. దొరికిన ప్రతి తప్పునూ తేదీతో రాసి కార్ఖానా గోడకు అంటించాలి.

సంఘాన్ని మేం డబ్బు అడగడం లేదు. సాంచె నడిపే ఇద్దరిని ఆదివారం ఒక గంట మా పక్కన కూర్చోబెట్టండి. మొదటివాడిగా కాక ఒప్పుకున్నారు. రెండోవారు ఎవరు?

జై మార్కండేయ.