కంప్యూటర్ – తెలుగు – మన హాస్టల్

ఇది కంప్యూటర్ యుగమని మన ప్రతి వార్షికోత్సవ సభలోనూ ముఖ్య అతిథులు చెబుతూనే ఉన్నారు. ఆ కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, ఏ భాషలో పని మొదలుపెట్టాలి అన్నది మాత్రం చెప్పరు. ఇదే హాస్టల్లో ట్రంకుపెట్టె మీద నోటుబుక్కు పెట్టుకుని చదివి, ఇప్పుడు పి.జి. చేస్తున్న మేము ఈ విషయంలో మా అభిప్రాయం రాయదలచుకున్నాం. మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ పట్టా పుచ్చుకున్నవాళ్ళం. ఇది కొనుక్కో, అది నేర్చుకో అని చెప్పే అన్నలు మాకు ఇంట్లో లేరు. అందుకే తమ్ముళ్ళకు మేము చెబుతున్నాం.

హాస్టల్ కంప్యూటర్ ముందు కూర్చున్న తమ్ముడు మొదట నేర్చుకోవలసింది యూనికోడ్‌లో తెలుగు టైపు చేయడం. ఎక్సెల్, ప్రోగ్రామింగ్ వగైరాలు ఆ తర్వాత.

ఇది భాషాభిమానంతో అంటున్న మాట కాదు, డబ్బుతో వచ్చిన చిక్కు. పి.జి.లో ప్రాజెక్టు రిపోర్టు తెలుగులో ఇవ్వాల్సి వచ్చినప్పుడు చేత్తో రాసి ఒక డి.టి.పి. సెంటర్లో ఇచ్చాం. పేజీకి 30 రూపాయలు, తప్పులు దిద్దితే మళ్ళీ వేరే. మెస్ బిల్లు కట్టుకునేవాడికి అది చిన్న మొత్తం కాదు. డబ్బు కట్టి పెన్‌డ్రైవ్‌లో ఫైలు తెచ్చుకుని డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు! అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, వంకర గుర్తులు. ఒక్క మాట మార్చాలన్నా మళ్ళీ ఆ సెంటరుకే పోవాలి.

కారణం తర్వాత తెలిసింది. పాత పద్ధతి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు తలకట్లు, గుడులు, ఒత్తుల బొమ్మలు పెడతాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది తెలుగులా కనిపిస్తుంది, లేనిచోట అసలు రూపం బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు సొంత స్థానాలు ఇచ్చారు. 'క' సంఖ్య 0సి15. ఏ దేశంలో, ఏ కంపెనీ యంత్రంలో అయినా ఆ సంఖ్య 'క'కే. మీరు హాస్టల్లో కొట్టింది యూనివర్సిటీ లైబ్రరీలోనూ, గల్ఫ్‌లో ఉన్న మీ అన్న ఫోన్‌లోనూ తెలుగుగానే తెరుచుకుంటుంది. వెతికితే దొరుకుతుంది కూడా. మన పాత సంచికల్లో ఎవరు ఏ కవిత రాశారో వెతుకుదామంటే ఇప్పుడు బీరువా తెరిచి దుమ్ము దులపడం తప్ప వేరే దారి లేదు కదా!

టైపింగ్ కష్టమని భయపడవద్దు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ ముందే ఉంటుంది, సెట్టింగ్స్‌లో తెలుగు కలుపుకోవడమే. గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. 'డి' మీట కొడితే పొల్లు, షిఫ్ట్‌తో కలిపి కొడితే 'అ'. 'సి' మీద 'మ'. అంటే 'అమ్మ' అని రాయడానికి నాలుగు మీటలు చాలు. ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టే పద్ధతులూ ఉన్నాయి, అవి వాడేవాళ్ళను మేము తప్పుపట్టం. కానీ ఇంగ్లీషు స్పెల్లింగ్ అంటే బెదిరే ఎనిమిదో తరగతి పిల్లవాడిని మళ్ళీ ఇంగ్లీషు ద్వారానే తెలుగుకు తీసుకురావడం మాకు నచ్చదు. వాడు తన పేరు, ఊరి పేరు తన అక్షరాల్లోనే కొట్టుకోనివ్వండి. కంప్యూటర్ అంటే ఉన్న బెరుకు సగం అక్కడే పోతుంది.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. డబ్బు పెట్టి కొనలేక దొంగ కాపీలు వేసుకోవడం, వాటితోపాటు వైరస్‌లు తెచ్చుకోవడం మనకు అలవాటైపోయింది. లిబ్రే ఆఫీస్ ఉచితం, ఎన్ని కంప్యూటర్లలో అయినా వేసుకోవచ్చు. అక్షరాల అందం కావాలంటే గిడుగు, గురజాడ, పెద్దన, మల్లన్న అనే పేర్లతోనే ఉచిత ఫాంట్లు ఉన్నాయి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాతలు ఇచ్చే పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. వాటిని మూలన పడేసేకంటే లినక్స్ వేసి వాడుకోవడం మేలు.

“ఉద్యోగ పరీక్షల్లో ఎం.ఎస్. ఆఫీసే కదా అడిగేది?” అంటారు. నిజమే, కొన్నింటికి అడుగుతారు. పట్టిక గీయడం, మొత్తం కట్టడం, పేజీకి మార్జిన్ పెట్టడం ఒకదానిలో వచ్చినవాడికి రెండోదానిలో బటన్లు వెతుక్కోవడానికి కొద్దిరోజులు పడుతుంది, అంతే. పరీక్షకు ముందు ఆ సాధన ఎలాగూ తప్పదు.

ఫోన్ ఉండగా కంప్యూటర్ ఎందుకు అనే తమ్ముళ్ళూ ఉన్నారు. పాఠాలు వినడానికి ఫోన్ మంచిదే. మాట్లాడితే తెలుగులో రాసిపెడుతుంది కూడా. స్కాలర్‌షిప్ అర్జీ వరకు సరిపోతుంది. నలభై పేజీల రిపోర్టు, దానికి విషయసూచిక, పట్టికలు ఫోన్‌లో చేసి చూడండి, మీకే తెలుస్తుంది. పైగా ఫోన్‌లో మనం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం ఎంత ముదిరిందంటే, కొందరు తమ్ముళ్ళకు 'ణ' ఒత్తు రాయమంటే పెన్ను ఆగిపోతోంది.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. కంప్యూటర్ ఇవ్వదలచినవారు దానితోపాటు నెలకు ఒక ఆదివారం కూడా ఇవ్వండి. వచ్చే విద్యా సంవత్సరం సంచికకు వ్యాసాలన్నీ విద్యార్థులే యూనికోడ్‌లో టైపు చేసి ఇవ్వాలని మా ప్రతిపాదన. అచ్చు వేసేవారికి పాత ఫాంట్లే కావాలంటే మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, మార్చాక ప్రూఫు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. నేర్పడానికి మేము వస్తాం. మీటల మీద అంటించే తెలుగు అక్షరాల స్టిక్కర్లు కూడా తెస్తాం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటలు కంప్యూటర్ గది తెరిపించవలసిందిగా వార్డెన్ గారిని కోరుతున్నాం.