ముట్టడిలో రాసిన దస్తావేజు

హెబ్రీ ప్రవక్తల గ్రంథాలు మొదటిసారి చదివేవారికి భయం వేస్తుంది. అధ్యాయం తర్వాత అధ్యాయం శిక్ష, శాపం, కత్తి, కరువు, తెగులు. ఆ కోపాన్ని దాటుకుని ముందుకు వెళ్లే ఓపిక చాలామందికి ఉండదు. ఓపిక పట్టినవారికి ఇంకో చిక్కు ఎదురవుతుంది. అంత కఠినంగా మాట్లాడిన మనిషే ఉన్నట్టుండి గొంతు మార్చి ద్రాక్షతోటల గురించి, పెండ్లివారి సందడి గురించి, వీధుల్లో ఆడుకునే పిల్లల గురించి చెప్పడం మొదలుపెడతాడు. మన దగ్గర ఆదివారం ప్రసంగాల్లోనూ ఈ రెండూ తరచు విడిపోయి వినిపిస్తాయి. ఒకరి నోట అంతా తీర్పే, మరొకరి నోట అంతా దీవెనే. యెషయా, యిర్మీయా, ఆమోసు అన్నవి తెలుగు ఊళ్లలో పిల్లలకు పెట్టుకునే పేర్లు. ఆ పేర్లు మొదట మోసిన మనుషులు మాత్రం తీర్పునూ నిరీక్షణనూ వాటాలు వేసుకోలేదు. రెండూ ఒకే భుజం మీద మోశారు. మొదటిదాన్ని తప్పించుకోలేదు కనుకనే రెండోది చెప్పే అర్హత వారికి వచ్చింది.

ముందు ఆ కోపం దేనికో చూడాలి. క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దంలో, రెండవ యరొబాము ఏలుబడిలో, ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యం బాగా బతికింది. సరిహద్దులు పెరిగాయి, ధనికుల ఇళ్లు పెరిగాయి, బలిపీఠాల మీద బలులకు లోటు లేదు. యెరూషలేముకు దక్షిణాన తెకోవ అనే ఊళ్లో గొర్రెలు కాసుకుంటూ మేడిపండ్లు ఏరుకునే ఆమోసు ఆ రాజ్యంలోని బేతేలు దాకా నడిచి వెళ్లి ఆ వైభవానికి ఎదురు నిలిచాడు. చెప్పుల జత కోసం బీదవాణ్ని అమ్మేస్తున్నారన్నాడు. తప్పుడు త్రాసులు పెట్టారన్నాడు. ధాన్యంలో తాలు కలిపి అమ్ముతున్నారన్నాడు. న్యాయం కోసం ఊరి గుమ్మం దగ్గరికొచ్చిన దిక్కులేనివాణ్ని తోసేస్తున్నారన్నాడు. దంతపు మంచాల మీద పడుకునేవారిని నిలదీశాడు. ఆ రాజధాని షోమ్రోనులో 1930లలో జరిగిన తవ్వకాల్లో మంచాలకూ పీటలకూ పొదిగే దంతపు చెక్కడాలు ఎన్నో బయటపడ్డాయి. ఆమోసు కోపం కొద్దీ ఊహించి చెప్పినవాడు కాదు, కళ్లారా చూసినవాడు. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సేనలు ఆ పట్టణాన్ని పట్టుకున్నాయి.

తీర్పు అనగానే మనం కొట్టే చేతినే చూస్తాం. చెప్పుల జతకు అమ్ముడుపోయినవాడి పక్కన కూర్చుని అవే అధ్యాయాలు చదివితే వేరుగా వినిపిస్తాయి. తన గోడు ఎవరో విన్నారని, దానికి ఒక లెక్క ఉందని అతనికి తెలుస్తుంది. తీర్పే లేని లోకంలో అతనికి నిరీక్షణ కూడా లేదు. ఆమోసు గ్రంథం చివర పడిపోయిన గుడారాన్ని మళ్లీ ఎత్తడం గురించి, కోతవాళ్లను దున్నేవాళ్లు అందుకునేంత పంట గురించి కొన్ని వచనాలున్నాయి. అవి తర్వాత చేర్చినవని కొందరు పండితులు అంటారు. అయితే కానివ్వండి. నాశనం నుంచి మిగిలినవారు ఆ గ్రంథాన్ని శిక్షతో ముగించడానికి ఒప్పుకోలేదంటే ఆ వచనాల బరువు మా దృష్టిలో ఇంకా పెరుగుతుంది.

ఆమోసు తర్వాత ఒకటిన్నర శతాబ్దానికి యెరూషలేము వంతు వచ్చింది. బబులోను రాజు నెబుకద్నెజరు సేన పట్టణాన్ని చుట్టుముట్టింది. దక్షిణ రాజ్యమైన యూదాలో ప్రాకారాలున్న పట్టణాల్లో యెరూషలేము కాక లాకీషు, అజేకా మాత్రమే నిలబడి ఉన్నాయని యిర్మీయా గ్రంథం చెబుతుంది. 1935లో లాకీషు శిథిలాల్లో, కాలిపోయిన కోట గుమ్మం గదిలో, సిరాతో రాసిన కుండపెంకులు దొరికాయి. కావలివాళ్లు పంపిన లేఖలవి. లాకీషు నిప్పు సంకేతాల కోసం చూస్తున్నామని, అజేకా నుంచి ఏదీ కనిపించడం లేదని ఒక పెంకు మీద ఉంది.

ఆ భయంలో రాజు సిద్కియా ఒక మంచిపని చేశాడు. హెబ్రీయులైన దాసదాసీలను ఆరేళ్ల సేవ తర్వాత విడిచిపెట్టాలన్నది ధర్మశాస్త్రం. ఏళ్ల తరబడి ఎవరూ పాటించని ఆ ధర్మాన్ని ప్రజలందరి చేత ఒప్పించి, దేవాలయంలో నిబంధన చేయించి, వాళ్లకు విడుదల ఇప్పించాడు. ఇంతలో ఐగుప్తు సేన వస్తున్నదని విని బబులోనువాళ్లు ముట్టడి వదిలి కొంతకాలం వెనక్కి తగ్గారు. గండం తప్పిందనుకున్న మరుక్షణం యజమానులు విడిచిపెట్టినవాళ్లను మళ్లీ పట్టి తెచ్చి దాసులను చేసుకున్నారు. యిర్మీయా గ్రంథం 34వ అధ్యాయంలో ఉన్న ఈ సంగతిని ప్రసంగాల్లో ఎందుకో తక్కువగా వింటాం. నాలుగు రోజులు స్వేచ్ఛ చవిచూసి మళ్లీ ఆ గడప తొక్కిన ఆడమనిషి మొహం ఒక్కసారి తలచుకుంటే, పట్టణం కాలిపోతుందని యిర్మీయా ఎందుకంత గట్టిగా చెప్పాడో వివరించనక్కరలేదు.

అతనికి నాశనం చెప్పడం ఇష్టమని మాత్రం ఎవరూ అనుకోకూడదు. ముట్టడికి కొన్నేళ్ల ముందు, బబులోనుకు లొంగక తప్పదని చూపడానికి అతను మెడ మీద కొయ్య కాడి వేసుకుని తిరిగేవాడు. హనన్యా అనే మరో ప్రవక్త దేవాలయంలో అందరి ముందూ నిలబడి, అప్పటికే బబులోనుకు చెరపట్టబడినవాళ్లు రెండేళ్లలో తిరిగొస్తారని, ఎత్తుకుపోయిన దేవాలయ పాత్రలు కూడా తిరిగొస్తాయని ప్రకటించాడు. యిర్మీయా మొదట అన్న మాట ఆమేన్. అలాగే జరగాలని అతను మనసారా కోరుకున్నాడు. హనన్యా ఆ కాడి తీసి విరిచేస్తే మారుమాట లేకుండా తన దారిన వెళ్లిపోయాడు. తర్వాతే జవాబుతో తిరిగొచ్చాడు. హనన్యా చెప్పింది కూడా పునరుద్ధరణే. కానీ అందులో దాసులు లేరు, తప్పుడు త్రాసులు లేవు, మారవలసినవాళ్లు ఎవరూ లేరు. గాయాన్ని పైపైన కట్టి క్షేమమే అనే ప్రవక్తల మీద యిర్మీయాకు ఉన్న కోపం విగ్రహాల మీద కోపానికి ఏమాత్రం తీసిపోదు. మా మటుకు మాకు ఆ కోపం న్యాయమే అనిపిస్తుంది. వినేవారి దుఃఖానికి హనన్యా ఇచ్చింది గడువు తేదీ ఒక్కటే.

ఇక దస్తావేజు సంగతి. ఐగుప్తు సేన తిరిగిపోయింది, ముట్టడి మళ్లీ బిగుసుకుంది. యిర్మీయా రాజుగారి చెరసాల ప్రాంగణంలో ఖైదీ. రొట్టెలు కాల్చేవాళ్ల వీధి నుంచి రోజుకొక రొట్టె అతనికి ఇచ్చేవారు, అదీ పట్టణంలో రొట్టె ఉన్నన్నాళ్లు. అలాంటి రోజుల్లో పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో తన పొలం కొనుక్కోమని అడిగాడు. విడిపించుకునే హక్కు దగ్గరి బంధువుగా యిర్మీయాది. అనాతోతు యెరూషలేముకు ఈశాన్యంగా నాలుగైదు కిలోమీటర్లలో ఉన్న ఊరు, అతను పుట్టిన ఊరు. ప్రవచించడం మానకపోతే చంపుతామని అతన్ని బెదిరించినదీ ఆ ఊరివాళ్లే. ముట్టడి వేసిన సేనలు ఆ నేలంతా తొక్కుతున్నాయి. చేతిలో వెండి ఉన్నవాడు అప్పుడు కొనుక్కోవలసింది గోధుమలు. యిర్మీయా పొలం కొన్నాడు.

కొనుగోలు ఎలా జరిగిందో యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం చెప్పినంత వివరంగా బైబిలులో మరో పొలం గురించి లేదు. ధర 17 తులాల వెండి. అప్పటి తూకంలో 200 గ్రాములకు కాస్త తక్కువ. నాణేలు లేని కాలం కనుక వెండిని త్రాసులో తూచి ఇచ్చాడు. ఆమోసు తిట్టిన ఆ త్రాసు ఇక్కడ సరిగ్గా తూగింది. క్రయపత్రం రాసి, ముద్ర వేసి, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, విప్పి చదువుకోవడానికి ముద్ర లేనిది ఒకటి. ఇలాంటి జంట దస్తావేజులు ఆ నేల మీద ఎంతకాలం నడిచాయంటే, ఆరేడు శతాబ్దాల తర్వాత బతికిన బబాతా అనే యూదు స్త్రీ ఆస్తి కాగితాల్లోనూ అదే పద్ధతి కనిపిస్తుంది. మృతసముద్రం దగ్గరి గుహలో 1961లో దొరికాయవి. యిర్మీయా తన రెండు ప్రతులనూ లేఖికుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం చెడిపోకుండా మట్టికుండలో పెట్టమన్నాడు. ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ మళ్లీ కొంటారన్నది అతనికి అందిన మాట.

భూమి కాగితం విలువ తెలుగు రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. శత్రువు ఆధీనంలో ఉన్న భూమికి కాగితం రాయించుకోవడమంటే, ఆ కాగితాన్ని గౌరవించే ప్రభుత్వం, పలికే సాక్షి, అడిగే వారసుడు ఎప్పటికో ఉంటారని ఒప్పుకోవడం. పునరుద్ధరణ గురించి మహాదర్శనాలు చూసిన ప్రవక్తలున్నారు. ఎండిన ఎముకలు లేచి నిలబడటం యెహెజ్కేలు చూశాడు. మాకు మాత్రం ఈ సాక్షి సంతకాల దగ్గరే ఎక్కువసేపు నిలవాలనిపిస్తుంది.

ఆ పని పూర్తయ్యాక యిర్మీయా తేలికపడలేదు. పత్రం బారూకు చేతిలో పెట్టి ప్రార్థనకు కూర్చున్నాడు. ఆ ప్రార్థన చివరికొచ్చేసరికి అయోమయంగా మారుతుంది. ముట్టడి దిబ్బలు గోడల దాకా వచ్చేశాయి, పట్టణం చేజారుతున్నది, అయినా నన్ను పొలం కొనమన్నావే అని అడుగుతాడు. జవాబులో మొదట వచ్చేది మళ్లీ తీర్పే. పట్టణం కాలుతుంది. తర్వాతే బెన్యామీను దేశంలో, యెరూషలేము చుట్టుపక్కల, కొండల్లో, మైదానంలో, దక్షిణాన మళ్లీ క్రయపత్రాలు రాస్తారన్న మాట. అతను అర్థమయ్యాక కొనలేదు. కొన్నాక, అర్థం కావడం లేదని చెప్పుకున్నాడు. నిరీక్షణ అంటే దిగులు లేకపోవడమని చెప్పేవారు ఆ ప్రార్థన మరోసారి చదవాలి.

క్రీ.పూ. 587లోనో 586లోనో పట్టణం పడింది. దేవాలయం కాలింది. యిర్మీయా ఆ పొలంలో కాలు పెట్టినట్టు ఎక్కడా లేదు. మిగిలినవాళ్లు అతన్ని ఐగుప్తుకు తీసుకుపోయారు. అక్కడి తహపనేసు పట్టణం తర్వాత అతని జాడ గ్రంథంలో లేదు. అంతకు ముందే చెరలో ఉన్నవాళ్లకు అతను ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెండ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి అని దాని సారం. 2014లో ప్రచురితమైన నూరు పైచిలుకు మట్టిపలకల్లో, బబులోను పల్లెల్లో స్థిరపడిన యూదావాళ్ల బార్లీ బాకీలు, ఖర్జూరం లెక్కలు, కౌళ్లు కనిపిస్తాయి. ఉత్తరంలో చెప్పినట్టే వాళ్లు బతికారు.

ఆ కూలిపోవడాన్ని యూదులు మరచిపోలేదు. దేవాలయం కాలిన రోజును తలచుకుంటూ ఏటా ఉపవాసం ఉంటారు. దానికి ముందు మూడు విశ్రాంతిదినాలు సమాజమందిరాల్లో ప్రవక్తల గద్దింపులు చదువుతారు. తర్వాత ఏడు విశ్రాంతిదినాలు యెషయా గ్రంథంలోని ఆదరణ మాటలు. ఓదార్పుకు ఎక్కువ వారాలు పడతాయని ఆ క్రమం ఏర్పరచినవారికి తెలుసు. కానీ గద్దింపు వారాలను వాళ్లు ఎత్తివేయలేదు.

పారసీక రాజు కోరెషు క్రీ.పూ. 539లో బబులోనును గెలిచాక చెరవాళ్లకు దారి దొరికింది. తిరిగొచ్చినవాళ్ల జాబితా ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది. పేర్లూ అంకెలూ తప్ప దాదాపు ఏమీ లేని పొడి జాబితా. అందులో ఒక వరుస, అనాతోతువారు 128 మంది. అదే లెక్క నెహెమ్యా గ్రంథంలోనూ ఉంది. ఆ కుండ ఎవరైనా తెరిచారో లేదో రాసినవాళ్లు లేరు. ఊరికి మాత్రం మనుషులొచ్చారు.

వచ్చినంత మాత్రాన అంతా బాగుపడలేదు. క్రీ.పూ. 445లో అధికారిగా వచ్చిన నెహెమ్యా దగ్గరికి జనం ఏడుస్తూ వచ్చారు. కరువులో ధాన్యం కోసం, రాజుగారి పన్ను కట్టడం కోసం పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టు పెట్టామని, కొడుకులూ కూతుళ్లూ దాసులైపోతున్నారని, అప్పిచ్చినవాళ్లు సొంత సోదరులేనని మొరపెట్టారు. సిద్కియా నాటి పాపమే మళ్లీ మొలిచింది. నెహెమ్యా పెద్దలనూ అధికారులనూ సభలో నిలబెట్టి గద్దించాడు. తానూ తన బంధువులూ అప్పులిచ్చిన సంగతి దాచకుండా, వడ్డీ వదిలేద్దాం, పొలాలు ఈ రోజే తిరిగిచ్చేద్దాం అన్నాడు. ఇస్తామన్నారు. యాజకులను పిలిపించి వాళ్ల ఎదుట ప్రమాణం చేయించాడు. ఈసారి జనం మాట నిలబెట్టుకున్నారని ఆ గ్రంథం రాసింది.