యానాంలో పార్కిన్సన్స్ రోగులకు యోగా తరగతి కావాలి

యానాం ప్రాంతీయ పరిపాలనాధికారి గారికి,

ఏటా జూన్ 21న దినోత్సవంగా జరుపుకొనే యోగా, పార్కిన్సన్స్ రోగులకు ఏడాది పొడవునా అందాలని ఈ లేఖ రాస్తున్నాను. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్షీణించడం వల్ల వచ్చే ఈ జబ్బులో పైకి కనిపించేది చేతి వణుకు. మనిషిని ఇంటికి కట్టేసేవి మాత్రం కండరాల బిగుతు, తడబడే అడుగు, పడిపోతామన్న భయం, దిగులు. ఈ జబ్బుకు ఇచ్చే లెవోడోపా మాత్ర కదలికను తేలిక చేస్తుంది గానీ తూలడాన్ని అంతగా ఆపలేదు. వ్యాయామం అవసరం అక్కడే. అమెరికాలో 195 మంది రోగులతో చేసి 2012లో ప్రచురించిన పరిశోధనలో, నెమ్మదైన కదలికలతో సాగే చైనా వ్యాయామం తాయ్ చీని 24 వారాలు చేసినవారు, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారికన్నా తక్కువసార్లు పడ్డారు. 2019 నాటి హాంకాంగ్ అధ్యయనంలో 138 మంది పాల్గొన్నారు. కదలిక విషయంలో యోగా మామూలు వ్యాయామానికి సమానంగా నిలిచింది, ఆందోళన, దిగులు తగ్గించడంలో దాన్ని మించింది.

వృద్ధులు యోగా చేస్తూ పడిపోతే ఎలా అన్న సందేహం న్యాయమైనదే. అందుకే కుర్చీలో కూర్చుని, గోడ ఆనుకుని చేసే ఆసనాలే నేర్పాలి. లేచి నిలబడగానే బీపీ పడిపోయేవారిని వైద్యులు ముందే గుర్తించాలి. మాత్ర బాగా పనిచేసే వేళలోనే తరగతి పెట్టాలి. యోగాతో జబ్బు నయమవుతుందని చెప్పి మందులు మాన్పించడం మాత్రం ప్రమాదం, దాన్ని గట్టిగా అడ్డుకోవాలి. ఖర్చంటారా, ఒక గది, గట్టి కుర్చీలు, ఒక శిక్షకుడు, పక్కన ఒక ఫిజియోథెరపిస్టు చాలు. రాజధాని పుదుచ్చేరికి వెళ్లి నేర్చుకోవాలంటే వందల కిలోమీటర్ల దూరం. అడుగు తడబడే మనిషి అంతదూరం పదేపదే వెళ్లలేడు. యానాం ప్రభుత్వాసుపత్రిలోనే వారానికి రెండు ఉదయాలు ఈ తరగతి నడిపేలా ఆదేశించమని కోరుతున్నాను.