ఇనుపదారుల లెక్క

1853వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు 21 మైళ్ల దూరము తొలి ప్రయాణికుల బండి నడచినది. రైలు ఆంగ్లేయులు మనకిచ్చిన వరమని చెప్పువారు నేటికిని గలరు. ఆ వరమునకు మూల్య మెవరు చెల్లించిరో విచారింతము.

మార్గములు వేసినవి ఇంగ్లండు కంపెనీలు. వారి మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీ ముట్టునట్లు ప్రభుత్వము పూచీపడినది. రాబడి చాలనప్పుడు లోటును మన ఖజానానుండి పూరించిరి. నష్టభయము లేని వర్తకునకు పొదుపుతో పని యేమి? సైన్యములు వడిగా కదలుటకును, ప్రత్తి రేవులకు చేరుటకును, సీమసరకు లోనాడులకు ప్రాకుటకును అనువుగా పట్టాలు పరచిరి.

ఇట్టి వ్యవహారములలో లెక్క యడిగినవారి గతి యేమైనదో హైదరాబాదు చరిత్రమే చెప్పుచున్నది. 1883లో చాందా రైలుమార్గపు పథకము వివరములను బయలుపరుపుడని ప్రజాప్రముఖులు కోరిరి. వారిలో నొకరైన అఘోరనాథ చటోపాధ్యాయుని నైజాము ప్రభుత్వము రాజ్యమునుండి వెడలగొట్టినది. సొమ్ము ప్రజలది, ప్రశ్న మాత్రము నేరము!

1921లో ఆక్వర్తు సంఘము రైళ్ల నిర్వహణము ప్రభుత్వమే చేపట్టవలెనని సూచించినది. 1924 నుండి రైల్వే పద్దు వేరై శాసనసభలో చర్చకు వచ్చుచుండెను. దేశము స్వతంత్రమైన పిమ్మట ముక్కలుగా నున్న సంస్థలు ఏకమైనవి. 1950లో చిత్తరంజనున మన యింజనులు తయారు కాజొచ్చినవి. 1992 నుండి మీటరుగేజి దారులు బ్రాడ్‌గేజిగా మారుచు వచ్చినవి. ఇవి యన్నియు గర్వింపదగిన కార్యములే.

కాని 2017లో రైల్వే బడ్జెటు సాధారణ బడ్జెటులో లీనమైనది. పద్దులపై చర్చకు నేటికిని తావున్నది గాని, ఏటి కొకదినము దేశమంతయు రైళ్లవైపు చెవి యొగ్గు అలవాటు తప్పినది. దీనివలన నష్టపడువా డెవడు? నాటి మూడవ తరగతి ప్రయాణికుని వారసుడే. ప్రయాణికులవలన వచ్చు రాబడిలో హెచ్చుభాగము ఆనాడు వాని జేబునుండియే వచ్చెడిది. 1974లో ఆ తరగతి పేరు తీసివేసిరి, ఇరుకు తీసివేయలేదు. పండుగనాళ్లలో జనరల్ పెట్టె ద్వారమున వ్రేలాడు కూలీని చూచినవారికి వేరు సాక్ష్య మక్కరలేదు.

కావున మా కోరిక యొక్కటియే. ఏటేట పార్లమెంటున రైల్వే పద్దుపై నిండు చర్చ జరుగవలయును. జనరల్ పెట్టె లెన్ని పెరిగినవి, టిక్కెట్టు కొన్నవానికి కూర్చుండ చోటున్నదా యను ప్రశ్న అందు మొదట రావలయును. నాడు నేరమైన ప్రశ్న నేడు మన హక్కు. బండి నడువని పట్టాకు త్రుప్పు పట్టును; అడుగని హక్కునకును అంతియే.