ఫ్రాస్ట్ నోవా పిరికితనం కాదు

మన వార్షికోత్సవ సంచికలో వీడియో గేమ్ మీద వ్యాసం రాస్తానంటే మిత్రులు నవ్వారు. నవ్వనివ్వండి, ఇది వాళ్ళ గురించే.

ఆదివారం ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ అమీర్‌పేట. అక్కడి గేమింగ్ సెంటర్‌లో నలుగురం చందా వేసుకుని ఒక్క సిస్టమ్ గంటకు తీసుకుంటాం. ఆడేది బ్లిజార్డ్ కంపెనీ 2012లో తెచ్చిన డయాబ్లో 3. చచ్చినవాడు కుర్చీ దిగాలి, అదీ మా రూల్. కాబట్టి ప్రాణం నిలుపుకోవడం మాకు డబ్బుల విషయం కూడా.

అందులో విజార్డ్ అనే మంత్రగాడు ఒకేసారి ఆరు విద్యలే పెట్టుకోగలడు. మావాళ్ళు ఆరూ దాడి విద్యలే పెడతారు. నేను ఒకటి తీసేసి ఫ్రాస్ట్ నోవా పెట్టుకుంటే "పిరికోడు" అన్నారు. అది రక్షణ విద్య. నొక్కగానే చుట్టూ మంచు పేలుతుంది, దగ్గరున్న దెయ్యాలన్నీ 2 సెకన్లు గడ్డకట్టుకుపోతాయి. మళ్ళీ వాడాలంటే 11 సెకన్లు ఆగాలి. (2000లో వచ్చిన డయాబ్లో 2లో ఇదే పేరున్న విద్య శత్రువుల్ని నెమ్మదిగా నడిపించేది, అంతే.)

రెండు సెకన్లలో ఏం ఒరుగుతుందంటారు. గుంపు మధ్యలో ఇరుక్కున్నవాడికి పక్కకు తప్పుకునే దారి దొరుకుతుంది, చాలదా? అయితే ఎప్పుడు నొక్కాలో తెలియాలి. మొదట్లో నేను ఒక్క దెయ్యం కనబడగానే కంగారుపడి నొక్కేసేవాణ్ణి. అసలు గుంపు వెనకాలే వచ్చేది. చేతిలో ఏమీ ఉండేది కాదు, కుర్చీ దిగేవాణ్ణి. పెద్ద దెయ్యాల మీద వెంటవెంటనే వాడితే పట్టు కూడా తగ్గిపోతుంది.

విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం మనందరికీ తెలుసు. అర్జునుడు సమ్మోహనాస్త్రం వేస్తే కౌరవసేన మూర్ఛపోయింది. పడిపోయినవాళ్ళను నరికాడా? లేదు. ఉత్తరుడితో వాళ్ళ పైబట్టలు తెప్పించి ఊరుకున్నాడు. దాని విరుగుడు తెలిసిన భీష్ముడి జోలికి మాత్రం పోవద్దన్నాడు. అర్జునుణ్ణి పిరికోడనే ధైర్యం మావాళ్ళలో ఎవరికుంది?

అంతదూరం ఎందుకు, మన మెస్‌లోనే చూశాం. గుడ్డు పెట్టే రోజు తోపులాటలో ఒక తమ్ముడు కాగే సాంబారు గిన్నె మీదికి ఒరిగాడు. వంట చేసే అక్క గరిటెతో పళ్ళెం మీద ఒక్కటి గట్టిగా కొట్టింది. అందరం బొమ్మల్లా ఆగిపోయాం. ఆ క్షణంలోనే తమ్ముణ్ణి ఇవతలికి లాగేసింది. మర్నాటి నుంచి చీటికీ మాటికీ పళ్ళెం మోగించింది, నాలుగో రోజుకు ఒక్కడూ ఆగలేదు. పాపం, అక్కకు 11 సెకన్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

మావాళ్ళకు నేనడిగేది ఒక్కటే. వచ్చే ఆదివారం ఒక్క దాడి విద్య తీసి ఇది పెట్టి చూడండి. గంటలో ఎవరు ఎక్కువసేపు కుర్చీలో ఉంటారో లెక్క నేనే రాస్తాను.