డర్బను నగరమున ఆరు వారములు

దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమునకు నాలుగు దినముల కని పోయి, పని తెమలక ఆరు వారములు నిలిచితిమి. మొదటి వారమున మాకు కనబడినది సముద్ర మొక్కటే. తరువాతనే మనుష్యులు కనబడసాగిరి.

ఒకనాడు అంగడిలో కరివేపాకు బేరమాడుచుండగా, మా మాటలు విని యొక వృద్ధురాలు నిలిచి, "మీరు తెలుగువారా?" అని ఇంగ్లీషున నడిగి, మమ్ము తన యింటికి తోడుకొనిపోయెను.

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అను ఓడ చెన్నపట్టణము నుండి తొలి కూలివారిని ఈ రేవునకు చేర్చినది. చెరకుతోటల పనికై 1911 వరకు ఓడలు వచ్చెను. ఆమె ముత్తవ్వయు నట్టి యొక యోడలో వచ్చినదట.

ఆమె మాకొక జోలపాట పాడి వినిపించెను. వరుస చెడలేదు, పలుకు తప్పలేదు. పాడి ముగించి, "దీని యర్థమేమి?" అని యడిగెను. తల్లుల నోట పాట దిగివచ్చినది గాని భాష రాలేదు!

నాటి నుండి ప్రతి సాయంకాలము పోయి ఒక్కొక్క మాటకు అర్థము చెప్పితిమి. ఆమె ఇంగ్లీషు అక్షరములతో వ్రాసికొనెను. రెండు మాటలకు మాకును అర్థము తోచక తలవంచుకొంటిమి.

విదేశములకు పోవు సోదరీమణులు చూడదగిన స్థలములు కొన్ని విడిచియైనను, ఒక యూర నాలుగు నాళ్లు ఎక్కువ నిలువవలెనని మా మనవి. ఆ యమ్మకును తెలుగునకును నడుమ సముద్రము అడ్డమున్నది. మనకేమి యడ్డము వచ్చినది?